మామిడి సీమలో పగడపు తొట్టె

నూజివీడుకు సముద్రం దగ్గరేమీ కాదు. గుడివాడ మీదుగా మచిలీపట్నం తీరానికి పోవాలంటే సుమారు ఎనభై కిలోమీటర్లు. అంతదూరం పోయినా కనిపించేవి నీలి కెరటాలు కావు, కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రు కలిసిన మట్టిరంగు నీళ్ళు. పగడాలకు తేటనీరు కావాలి, ధారాళంగా వెలుగు కావాలి, ఉప్పదనం ఏడాది పొడవునా ఒక్కతీరుగా ఉండాలి. గోదావరి, కృష్ణల వరదనీరు ఏటా వచ్చి కలిసే మన కోస్తాలో పేరున్న పగడపు దిబ్బలు లేకపోవడానికి కారణం అదే. అవి చూడాలంటే రామేశ్వరం దగ్గరి మన్నార్ సింధుశాఖకో, లక్షద్వీప్‌కో, అండమాన్‌కో వెళ్ళాలి. అయినా నూజివీడులో ఒక ఇంటి ముందుగదిలో, రెండడుగుల గాజు తొట్టెలో, ఆ దిబ్బల వాతావరణాన్ని చిన్నపాటిగా నిలబెట్టడం సాధ్యమే. అందుకు సముద్రం పక్కనే ఉండనక్కర్లేదు. నీటి తీరు కనిపెట్టే ఓపిక ఉంటే చాలు. ఈ పనిలో మనం పెంచేది ముందు నీళ్ళను. చేప సంగతి చివర్లో వస్తుంది.

ఈ విద్యకు నూట డెబ్బై ఏళ్ళు దాటాయి. 1846లో అన్నా థిన్ అనే ఆవిడ ఇంగ్లండ్ తీరంలోని టార్కీ నుంచి రాతి పగడాలను లండన్‌లోని ఇంటికి తెచ్చి గాజు పాత్రల్లో బతికించింది. అప్పటికి పంపులు లేవు. నీటికి గాలి తగలాలని పనిమనిషి రోజూ తెరిచిన కిటికీ దగ్గర నిలబడి ఆ నీళ్ళను ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ధారగా పోసేదట. మన వైపు చూస్తే, మద్రాసు మెరీనా ఒడ్డున 1909లో అక్వేరియం తెరిచారు. అప్పుడు మన ప్రాంతం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఇంట్లో పెట్టుకునే పగడపు తొట్టెకు అసలు మలుపు 1961లో వచ్చింది. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రంలోంచి తెచ్చిన రాళ్ళను తొట్టెలో పేర్చి, గాలి బుడగలు మాత్రం వదిలి, ఫిల్టర్ల జోలికి పోకుండా పగడాలను, చేపలను కలిపి పెంచే పద్ధతిని ఒక పత్రికలో రాశాడు. ఆ రాళ్ళ సందుల్లో కాపురముండే బ్యాక్టీరియాయే నీటిని శుభ్రం చేస్తుందన్నది దాని సారం. తరవాత జర్మన్లు దానికి గట్టి వెలుగును, నురగ రూపంలో మలినాన్ని తోడేసే స్కిమ్మర్‌ను జోడించారు. ఇప్పటికీ కొత్తగా తొట్టె పెట్టేవాళ్ళు నడిచేది ఆ దారిలోనే.

ఎంగ్ చేసినట్టు సముద్రం నుంచి రాయి తెచ్చుకోవడం మాత్రం మనకు కుదరదు, కుదరకూడదు కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లోకి 2001లో రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు చేరాయి. పులికి ఉన్న రక్షణే అప్పుడు వాటికీ దక్కింది. చచ్చిన పగడపు ముక్కను అలంకారానికి కొన్నా నేరమే. కాబట్టి మన తొట్టెలో రాయి అంటే మనిషి చేసిన రాయే. సిమెంటుతోనో సెరామిక్‌తోనో గుల్లగా, సన్నని రంధ్రాలతో చేసిన రాళ్ళు అమ్ముతున్నారు. రాయి ఎంత గుల్లగా ఉంటే బ్యాక్టీరియాకు అంత చోటు. వాటిని గాజుకు ఆనించి గోడలా కట్టకుండా, చుట్టూ నీళ్ళు తిరిగేలా సందులు వదిలి పేర్చాలి.

ఇక ఉప్పు. మన తీరంలో ఇన్ని ఉప్పు కొటార్లు ఉండగా కల్లుప్పు కలిపితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. కొటారులో నీరు ఇగిరేటప్పుడు మొదట జిప్సం రూపంలో కాల్షియం అడుగున పేరుకుంటుంది. ఆ తరవాత మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం మిగిలిన చేదునీటిలో ఉండిపోతుంది, ఆ నీటిని పారబోస్తారు. అంటే కల్లుప్పులో సముద్రం మొత్తం లేదు, ఒక భాగమే ఉంది. పగడానికి కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్ అన్నీ సముద్రంలో ఉన్న పాళ్ళలో కావాలి. అందుకే అక్వేరియం కోసం తయారుచేసిన రీఫ్ సాల్ట్ కొనక తప్పదు. లీటరుకు 35 గ్రాముల పైచిలుకు పడుతుంది. వంద లీటర్ల తొట్టెకు మూడున్నర కిలోలకు పైనే.

నీటి విషయం ఇంకా ముఖ్యం. బోరు నీళ్ళలో కరిగి ఉన్నవన్నీ తొట్టెలోకి వచ్చి నాచుకు ఎరువవుతాయి. వీధి చివర ఆర్వో ప్లాంటులో దొరికే ఇరవై లీటర్ల క్యాను తెచ్చుకోవచ్చు గాని, ముందు నీటిలో కరిగినవాటి లెక్క చూపే టీడీఎస్ మీటరు ముంచి చూడండి. తాగడానికి రుచి రావాలని చాలాచోట్ల కొంత ఖనిజం ఉండనిస్తారు. మనకు కావలసిన అంకె సున్నా, లేదా దానికి దగ్గర. ఆర్వో నీటిని రెజిన్ నింపిన గొట్టం గుండా మరోసారి పంపితే ఆ సున్నా వస్తుంది. ఆ నీటిని ప్లాస్టిక్ డ్రమ్ములోనే పట్టాలి. ఆరోగ్యానికి మంచిదని మన ఇళ్ళలో రాగి బిందెలో నీళ్ళు నిలవ ఉంచడం అలవాటు. రొయ్యకు, నత్తకు, పగడానికి మాత్రం రాగి ప్రాణాంతకం. చేపల రోగాలకు వాడే కొన్ని మందుల్లోనూ రాగి ఉంటుంది. అలాంటి మందు తొట్టెలో ఒక్కసారి పోసినా రాళ్ళు పీల్చుకుని చాలాకాలం పట్టి ఉంచుతాయి.

డ్రమ్ములో ముందు నీళ్ళు, తరవాత కొద్దికొద్దిగా ఉప్పు. ఉప్పు పోసి దానిమీద నీళ్ళు పోస్తే కాల్షియం విరిగి తెల్లటి మడ్డిగా అడుగుకు దిగుతుంది. లోపల చిన్న పంపు పెట్టి ఒక రోజంతా తిప్పితే నీళ్ళు గాజులా తేరుకుంటాయి. అప్పుడు ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు తీయాలి. మన ప్రాంతంలో ఇదేమీ వింత వస్తువు కాదు, కైకలూరు వైపు రొయ్యల రైతుల దగ్గర చూసే ఉంటారు. ఏటవాలు గాజు మీద రెండు చుక్కలు వేసి, మూత వాల్చి, బుడగలు లేకుండా సర్ది, వెలుతురు వైపు తిప్పి ఒక కన్నుతో చూడాలి. పైన నీలం, కింద తెలుపు, ఆ రెండూ కలిసే గీత 35 దగ్గర నిలవాలి. 33 చూపిస్తే ఉప్పు, 37 చూపిస్తే నీళ్ళు. పరికరాన్ని ముందుగా ప్రమాణ ద్రావణంతో సరిచేసుకోకపోతే ఆ గీతకు విలువ లేదు.

ఉప్పునీళ్ళు, రాళ్ళు, ఇసుక, పంపులు అన్నీ అమరాక తొట్టె చూడముచ్చటగా ఉంటుంది. చేప వేయాలని చేతులు తొందరపెట్టేది అప్పుడే. వేయకండి. అంటు మామిడి రెండో ఏడే పూసినా తెలిసిన రైతు మొదటి మూడు నాలుగేళ్ళూ ఆ పూత తుంచేస్తాడు, చెట్టుకు బలం రానిస్తాడు. తొట్టెకూ అలాంటి గడువు కావాలి. చిటికెడు చేపల మేత వేస్తే అది కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. దాన్ని ఒక జాతి బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం, మూడోది కొంత ఉన్నా ఇబ్బంది లేదు. ఈ బ్యాక్టీరియా రాళ్ళలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగి, మళ్ళీ మేత వేసినా పైకి లేవకపోతే తొట్టె సిద్ధమైనట్టు. ఈ మధ్యలో ఇసుకంతా గోధుమరంగు పొర కమ్ముతుంది. అది డయాటమ్స్ అనే సూక్ష్మజీవుల పని, దానంతటదే పోతుంది. తరవాత పచ్చనాచు వస్తుంది, నత్తలను దింపే సమయం అదే. కిట్టు అంకెల మీద అనుమానం వస్తే కైకలూరులోనో భీమవరంలోనో ఆక్వా ల్యాబుకు సీసాడు నీళ్ళు తీసుకెళ్ళండి. పీపీఎం లెక్కన ఆల్కలినిటీ 125 నుంచి 160, కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1300 దరిదాపుల్లో ఉంటే మంచిది. ఇలాంటి ల్యాబులు ఇంత దగ్గరలో ఉండటం చాలా నగరాలవాళ్ళకు లేని సౌకర్యం.

మన ప్రాంతంలో ఈ పనికి అసలు పరీక్ష మే నెల. మామిడి మాగే ఎండే పగడాన్ని చంపుతుంది. తొట్టెలో నీరు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. బయట నలభై దాటినప్పుడు గదిలో 34, 35 ఉంటుంది, పైగా పంపుల వేడి, లైట్ల వేడి తోడవుతాయి. నీటిమీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. చలికాలానికి, వానాకాలానికి అది చాలవచ్చు. ఎండాకాలానికి చాలదు. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమో, ఆ గదిలో రాత్రింబగళ్ళు ఏసీయో లేకుండా నూజివీడులో పగడపు తొట్టె మొదలుపెట్టవద్దనే నా సలహా. ఆ ఖర్చు పెట్టలేకపోతే ఇంకో ఏడాది ఆగడం మేలు.

ఫ్యానుతో ఇంకో చిక్కుంది. ఆవిరైపోయేది నీరే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. ఎనభై లీటర్ల తొట్టెలో రోజుకు రెండు లీటర్లు ఆవిరై, మూడు రోజులు పట్టించుకోకపోతే 35 ఉన్న ఉప్పదనం దాదాపు 38కి చేరుతుంది. పెళ్ళికి ఊరెళ్ళి వచ్చేసరికి రొయ్య చచ్చిపడి ఉండటానికి కారణం తరచుగా ఇదే. తగ్గిన మేరకు మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. నీటిమట్టం తగ్గగానే పక్క డబ్బాలోంచి ఆర్వో నీటిని తనంతట తానే తోడిపోసే పరికరం దొరుకుతుంది. లైటు కన్నా ముందు దాన్ని కొనమంటాను. కరెంటు పోయినప్పుడు నీళ్ళు కదలకపోతే ఆక్సిజన్ పడిపోతుంది, వేడి నీటిలో మరీ త్వరగా. నీటిని కదిలించే వేవ్‌మేకర్‌నైనా ఇన్వర్టర్‌కు కలపాలి.

మామిడి తోటల మధ్య ఇల్లు ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. పూత మీద తేనెమంచు పురుగుకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు రొయ్య, పీత జాతికి చాలా తక్కువ మోతాదులోనే చావు. స్ప్రే కొట్టిన చేతులతో, అదే చొక్కాతో తొట్టెలో చేయి పెట్టకూడదు. పక్క తోటలో మందు కొట్టే రోజున కిటికీలు మూసి, ఎయిర్ పంపు ఆపి, వేవ్‌మేకర్ మాత్రం నడపాలి. ఆ గదిలో దోమల మందు కూడా వద్దు.

మొదటి ప్రాణులు ఎవరు? ఒక జత క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, కొన్ని నత్తలు, ఒక క్లీనర్ రొయ్య. వంద లీటర్ల లోపు తొట్టెకు ఇంతకుమించి వద్దు. క్లౌన్ చేపలు పుట్టుకతో అన్నీ మగవే. జతలో పెద్దది ఆడదిగా మారుతుంది. గుడ్లు పెట్టాక తండ్రి చేప వాటి ముందు నిలబడి వారం రోజులు రెక్కలతో విసురుతూ కాపలా కాస్తుంది. చూడదగ్గ దృశ్యం అది. పగడాల్లో మెత్తని జాతులతో, అంటే మష్రూమ్ పగడాలు, జోవాంథిడ్లతో మొదలుపెట్టాలి. అవి రాతి అస్థిపంజరం కట్టవు కాబట్టి కాల్షియం ఎక్కువ అడగవు, వారానికి పదోవంతు నీళ్ళు మారిస్తే సరిపెట్టుకుంటాయి. బిల్లు, కాగితాలు లేని పగడాన్ని ఎంత చవకైనా తీసుకోవద్దు. కొన్ని జోవాంథిడ్ల బంధువుల్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు, అవి అంటిన రాయిని ఎప్పుడూ మరిగించకూడదు.

ఇంత శ్రమ ఎందుకంటే, నా జవాబు ఇది. పగడం ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది, వెలుగుతో అది వండిన ఆహారమే పగడానికి ప్రధాన భోజనం. అలవాటైన వేసవి వేడికన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిస్తే పగడం ఆ నాచును బయటికి గెంటేసి తెల్లబడుతుంది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడుతున్నాయని శాస్త్రవేత్తలు ప్రకటించారు, ఇలా జరగడం అది నాలుగోసారి. అదే ఏడాది లక్షద్వీప్ దిబ్బలూ తెల్లబడ్డాయి. ఇంట్లో థర్మామీటరు 28 దాటితే పరుగెత్తుకొచ్చే పిల్లకు ఆ వార్త ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక డిగ్రీ అంటే ఏమిటో ఆ పిల్లకు తెలుసు.

అయితే మన ముచ్చట కోసం ఏ దిబ్బా బోసిపోకూడదు. క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించే పద్ధతులను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం, విళింజం కేంద్రాల్లో ఎప్పుడో రూపొందించింది. హేచరీ పిల్లలు తొట్టె నీటికి, మేతకు అలవాటుపడి ఉంటాయి, కొత్తవాళ్ళ చేతిలో బాగా బతుకుతాయి. కాబట్టి దుకాణంలో చేపను చూపించి ధర అడిగే ముందు, ఇది హేచరీలో పుట్టిందా, సముద్రంలో పట్టిందా అని అడగండి. సరైన జవాబు రాకపోతే కొనకుండా వచ్చేయండి.