‘చందమామ’లో ‘చిత్ర’: ప్రాంతం లేని బొమ్మ

తెలుగు బాలసాహిత్య విమర్శ రచనను చదివినంత శ్రద్ధగా బొమ్మను చదవలేదు. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలను చర్చించేటప్పుడు, వాటిలోని మాంత్రికులకూ రాక్షసులకూ రూపమిచ్చిన ‘చిత్ర’ (టి.వి. రాఘవన్) పేరును ఉటంకించి ముందుకు సాగడం పరిపాటి. స్వయంకృషితో చిత్రకళ నేర్చిన ఆయన 1947 జూలై నాటి తొలి సంచిక నుంచే ‘చందమామ’కు బొమ్మలు వేశారు. 1954లో మొదలైన ‘తోకచుక్క’తో దాసరి కథనానికి ఆయన రేఖ తోడైంది.

‘చందమామ’ పలు భాషల్లో వెలువడింది. కథ భాష మారేది, బొమ్మ మారేది కాదు. అందువల్ల చిత్ర వేసిన కోట, అడవి, తలపాగా ఏ ఒక్క ప్రాంతానికీ చెందవు. దీనిని ‘తెలుగుదనం’గా కీర్తించడం సరికాదని నా అభిప్రాయం. తెలుగు, కన్నడ, మరాఠీ కలిసే నాగల్‌గిద్ద వంటి సరిహద్దు మండలం నుంచి చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. ఇరుగుపొరుగు పిల్లలు వేర్వేరు లిపుల్లో చదివినా ఒకే రాక్షసుణ్ణి చూసి జడుసుకునే వీలుండేది. తమ ఇంటివారి కట్టూబొట్టూ మాత్రం వారికి ఆ పుటల్లో దొరికేవి కావు. ఈ లోటు చిత్రకారునిది కాదు, ఒకే బొమ్మను అన్ని భాషలకూ వాడుకున్న ప్రచురణ పద్ధతిది. జానపద భయానికి ఊరి పేరు అక్కరలేదు గనుక దాసరి కథల్లో ఆ పద్ధతి నెగ్గింది. ఇల్లు, బడి, సంత చూపవలసిన కథల్లో అది ఎంతవరకు నెగ్గిందో సంచికల వారీగా పరిశీలించవలసి ఉంది.