సామి కథలో భక్తుడెక్కడ?

గుడియాత్తంలో నెలకొకసారి మేము పది పన్నెండు మందిమి ఒకచోట కూర్చుని తెలుగు కథలు చదువుకుంటాం. మొన్నటి సమావేశంలో ఒక కుర్రవాడు తాను రాసిన కథ చదివాడు. వేలూరులో ఉద్యోగం చేస్తాడు. తెలుగు బడిలో చదువుకున్నవాడు కాదు, వాళ్లమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నవాడు. కథలో ఒక దొంగసామి ఉన్నాడు. కాషాయం కట్టి, విబూది పంచి, ఒక వడ్డీ వ్యాపారి ఇంట్లో తిష్ఠ వేసి, ఆఖరికి అర్ధరాత్రి కోడికూర తింటూ పట్టుబడిపోతాడు. అందరం కడుపుబ్బ నవ్వాం.

నవ్వులు ఆగిన తర్వాత, ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన ఒక పంతులమ్మ గారు, "బాగుంది నాయనా. సామిని బాగానే చూశావు. మరి ఆయన కాళ్లకు మొక్కినవాళ్లెక్కడ? వాళ్లలో ఒక్కరికీ పేరైనా పెట్టలేదే?" అని అడిగారు.

కుర్రవాడు జవాబు చెప్పలేకపోయాడు. ఆ ప్రశ్న అతనికంటే నాకే ఎక్కువ తగిలింది. ఎందుకు తగిలిందో చివర చెబుతాను. ముందు మన సాహిత్యం సంగతి చూద్దాం.

తెలుగువాడికి దొంగసామిని చూసి నవ్వడం కొత్త కాదు. వేమన కాలం నుంచి ఆ అలవాటు ఉంది. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శించబడి, 1897లో అచ్చయి, 1909లో పెరిగి మళ్లీ వచ్చింది. అందులో సారా దుకాణంలో కూర్చుని వేదాంతం చెప్పే బైరాగిని మరచిపోయిన తెలుగు పాఠకుడు ఉండడు. అటు తమిళంలో 1952లో కరుణానిధి మాటలతో వచ్చిన 'పరాశక్తి' సినిమాలో, గుడిలోనే ఆడదానిమీద చెయ్యి వేయబోయిన పూజారిని చూసి ఈ జిల్లా జనం కూడా ఊగిపోయారు. మన మీద రెండు భాషల హేతువాదం పనిచేసింది. పెరియార్ చివరి శ్వాస విడిచింది కూడా మన వేలూరు సి.ఎం.సి. ఆస్పత్రిలోనే, 1973 డిసెంబరు 24న.

ఇంత నవ్వీ, ఇంత తిట్టీ మనం సాధించిందేమిటి? నవ్వు అవసరమే. సామి చుట్టూ ఉన్న భయాన్ని అది కొంత పోగొడుతుంది. గురజాడ నాటకానికి అసలు వస్తువు వేరు గనుక, బైరాగి దగ్గర అంతకంటే ఎక్కువ ఆగవలసిన పని ఆయనకు లేదు. కాని ఆయన తర్వాత వచ్చిన మనం ఆ నవ్వునే అచ్చుపోసి వాడుకుంటున్నాం. మన కథల్లో సామి మోసగాడు, భక్తులు తెలివితక్కువవాళ్లు. ఇందులో ఒక చిక్కుంది. కథ చదివే ఏ పాఠకుడూ తనను తాను తెలివితక్కువవాడుగా అనుకోడు. అందువల్ల ఆ కథ ఎవరికీ హెచ్చరిక కాదు. చదివి, నవ్వి, పత్రిక మూసి, సాయంత్రం భజనకు పోవచ్చు.

నవ్వుతో లొంగని ఒక ఉదంతాన్ని గుర్తుచేస్తాను. అది మన రాష్ట్రంలోనే జరిగింది. శ్రీలంకలోని మాతలేలో ఆశ్రమం నడిపిన ప్రేమానంద, 1983 అల్లర్ల తర్వాత ఇక్కడికి వచ్చి, తిరుచ్చి దగ్గర ఫాతిమానగర్‌లో ఆశ్రమం పెట్టాడు. ఆ అల్లర్లలో సర్వం పోగొట్టుకున్న పిల్లలు చాలామంది ఆయన నీడన పెరిగారు. నోట్లోంచి లింగాలు, చేతిలోంచి విబూది తీసేవాడు. 1994లో ఆ ఆశ్రమం నుంచి తప్పించుకుని వచ్చిన ఆడపిల్లలు నోరు విప్పారు. ఆ సంవత్సరమే ఆయనను అరెస్టు చేశారు. ఆశ్రమంలోనే ఉన్న ఒక శ్రీలంక ఇంజనీరును చంపి అక్కడే పాతిపెట్టారన్న సంగతి కూడా బయటపడింది. హైదరాబాదు సి.సి.ఎం.బి.లో జరిగిన డి.ఎన్.ఏ. పరీక్ష ఆ కేసులో ముఖ్యమైన సాక్ష్యాల్లో ఒకటయింది. 1997 ఆగస్టులో పుదుక్కోట్టై సెషన్స్ జడ్జి ఆర్. భానుమతి గారు, పదమూడు మంది ఆడపిల్లల మీద అత్యాచారం, ఒక హత్య రుజువయ్యాయని రెండు యావజ్జీవ శిక్షలు వేశారు. రామ్ జెఠ్మలానీ అంతటి వకీలు ఆయన తరఫున వాదించారు. పై కోర్టుల్లోనూ శిక్ష నిలిచింది. 2005లో సుప్రీంకోర్టు అప్పీలును కొట్టివేసింది. 2011 ఫిబ్రవరిలో ఖైదీగా ఉండగానే ఆయన చనిపోయాడు. ఆయన నిర్దోషి అని నమ్మే భక్తులు శిక్ష పడిన తర్వాతా ఉన్నారు, ఆయన పోయిన తర్వాతా ఉన్నారు.

కథకుడు చూడవలసిన చోటు ఇదే. లింగం ఎలా తీశాడన్నది గారడీవాడు చెప్పేస్తాడు. ఆ పిల్లలు ఇన్నేళ్లు ఎలా మాట్లాడకుండా ఉన్నారన్నది కథకుడే చెప్పాలి. వాళ్లకు అన్నం పెట్టేవాడు ఆయనే, బడికి పంపేవాడు ఆయనే, పరాయి దేశంలో తలమీద కప్పు ఆయనే. ఆయన మీద చెప్పాలంటే ఎవరికి చెప్పాలి? ఆయనను దేవుడనే పెద్దలకే చెప్పాలి. బయటికి వెళ్లాలంటే ఎక్కడికి వెళ్లాలి? ఇందులో తెలివితక్కువతనం ఎక్కడుంది? ఆ ఇంజనీరు చదువుకున్నవాడు. ఆయన చదువు ఆయనను కాపాడలేదు. చివరకు ఆ తలుపు తెరిచింది పత్రికలు కాదు, హేతువాదులు కాదు, మనవంటి రచయితలు అసలే కాదు. లోపల ఉన్న పిల్లలే తెరిచారు. కోర్టు చేసిన గొప్ప పని వాళ్ల మాట చివరిదాకా వినడం. మన కథలు చేయని పని అదే.

తెలుగునేల మీదికి వద్దాం. 1993 జూన్ 6 రాత్రి పుట్టపర్తి ప్రశాంతి నిలయంలో నలుగురు యువకులు కత్తులతో సత్యసాయిబాబా ఉండే భవనంలోకి చొరబడ్డారు. ఆయన సేవకులిద్దరు కత్తిపోట్లకు చనిపోయారు. ఆ నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. కారణాల మీద అప్పట్లో రకరకాల మాటలు నడిచాయి. వాటి జోలికి నేను పోను. నాకు కనిపించేది ఒక్కటే: ఆ రాత్రి పోయిన ఆరుగురూ భక్తులే. కత్తికి ఇటువాళ్లూ భక్తులే, అటువాళ్లూ భక్తులే. ఒకే భజనలో పక్కపక్కన కూర్చున్నవాళ్లు అక్కడిదాకా ఎలా వచ్చారన్నది ఒక పెద్ద నవలకు సరిపోయే వస్తువు. అటువంటి నవల ఒకటి మన చేతికి ఉంటే, ఈవేళ మన కుర్రవాడు కోడికూర దగ్గర ఆగేవాడు కాదు.

భక్తుణ్ణి చూసిన రచన లేదా అంటే ఉంది. ఆర్.కె. నారాయణ్ 1958లో రాసిన 'ది గైడ్'. జైలునుంచి వచ్చిన రాజు పాడుపడ్డ గుడి మెట్ల మీద కూర్చుంటే, వేలన్ అనే పల్లెటూరివాడు వచ్చి నమస్కరిస్తాడు. సామి అక్కడ పుడతాడు. అతణ్ణి సామిని చేసింది వేలన్ అవసరం. ఆ పల్లెకు వాన కావాలి, మాట వినే మనిషి కావాలి. నారాయణ్ వేలన్‌ను ఎక్కడా ఎగతాళి చేయడు. అందుకే చదువుతున్నప్పుడు వేలన్ స్థానంలో మనల్ని మనం చూసుకుంటాం. అయితే నారాయణ్ రాజు చివరకు మంచివాడవుతాడు, తానే ఉపవాసం ఉంటాడు. లోకంలో ఎక్కువసార్లు ఉపవాసం భక్తుడి వంతుకే వస్తుంది.

ఇప్పుడు మన ఊరు. ఆంధ్రలో ఉన్నవాళ్లకు లేని అవసరం ఒకటి మనకుంది. 2006 చట్టం తర్వాత బడిలో మన పిల్లలకు తెలుగు ఇంకా దూరమయింది. ఆఫీసులో తెలుగు లేదు, బస్సు బోర్డు మీద లేదు. ఇంట్లో ముసలివాళ్లతో పాటు అదీ పోతోంది. అటువంటప్పుడు ఒకాయన వచ్చి ఒక హాలులో వందమందిని కూర్చోబెట్టి, చక్కని తెలుగులో "నాయనా, అమ్మా" అని పిలిస్తే, సగం మంది తత్వానికి కాదు, ఆ పిలుపుకే కరిగిపోతారు. తర్వాత ఆయన ఏం చెప్పినా అది అమ్మ చెప్పినట్టే ఉంటుంది.

దీనికి "మనవాడు" అనే మాట తోడవుతుంది. గుడియాత్తం దగ్గరి నత్తంలో పుట్టిన విజయకుమార్ నాయుడు గారు కల్కి భగవాన్‌గా పేరు పొందారు. 2019 అక్టోబరులో ఆయన సంస్థల మీద ఆదాయపు పన్ను శాఖ సోదాలు జరిగి, లెక్కచూపని ఆదాయం 500 కోట్లకు పైగా కనిపించిందని ఆ శాఖ ప్రకటించింది. తాను దేశం విడిచి ఎక్కడికీ పోలేదని ఆయన వీడియోలో చెప్పారు. ఇది పన్నుల లెక్క. తిరుచ్చి ఆశ్రమం విషయంలో కోర్టు రుజువు చేసిన నేరాలతో దీన్ని ఒకే గంపలో వేయడం న్యాయం కాదు. నేను చెప్పేది మన సంగతి. ఆ వారమంతా టీ కొట్ల దగ్గర నేను విన్నవి రెండే మాటలు: "మన ఊరివాడు ఎంత ఎదిగాడో!" అని ఒకరు, "మన ఊరివాణ్ణి పట్టుకున్నారే!" అని ఇంకొకరు. లెక్కల్లో నిజమేమిటని అడిగినవాళ్లు నాకు తగల్లేదు. నేనూ అడగలేదు.

ఇక నా సంగతి. చాలా ఏళ్ల క్రితం ఈ ప్రాంతంలోనే తిరిగే ఒక సామి రాసిన తెలుగు కీర్తనల పుస్తకానికి నేను ముందుమాట రాశాను. ఆయన పేరు ఇక్కడ అనవసరం. ఈ గడ్డమీద తెలుగులో ఒక పుస్తకం అచ్చవుతోందన్న సంతోషంతో రాశాను. భాష బాగుందని రాసి ఊరుకుంటే సరిపోయేది. "వీరి మాట మందు వంటిది" అని కూడా రాశాను. అలంకారం కోసం రాసిన వాక్యం అది.

మా వీధిలో లుంగీలు నేసే ఒకాయనకు చక్కెర జబ్బు ఉండేది. ఆ సామి దగ్గర తీర్థం తీసుకోవడం మొదలుపెట్టాక సూది మానేశాడు. సామి మానేయమన్నారని ఆయన భార్య అన్నది. సామి అలా అనలేదు, ఆయనే మానేశాడని తక్కిన భక్తులు అన్నారు. రెండు నెలల్లో మనిషి పోయాడు. దేశం నలుమూలల నుంచి జనం వైద్యానికి వచ్చే వేలూరు, మా ఊరికి గంట ప్రయాణం. కర్మ అన్నారు, ఫిర్యాదు లేదు. పదోరోజున వాళ్లింటికి వెళితే, గూట్లో దీపం పక్కన ఆ కీర్తనల పుస్తకం కనిపించింది. ఆమె దాన్ని తీసి, "మీరు కూడా రాశారు గదన్నా, ఆయనకు చదివి వినిపించాను" అన్నది. నిందించడానికి అన్న మాట కాదది. అందుకే నేను ఏమీ అనలేకపోయాను.

పంతులమ్మ గారి ప్రశ్న నాకు ఎందుకు తగిలిందో ఇప్పుడు తెలిసి ఉంటుంది. భక్తుడెక్కడ అని వెతికితే, ముందుమాట రాసిన చోట నేనున్నాను. మామూలుగా ఏ సామినీ నమ్మనివాణ్ణే. తెలుగుకు మొక్కి, ఆ మొక్కు సామికి చేరేలా చేశాను.

అందుకని విమర్శకుడిగా ఈ రకం కథల్ని ఇకమీదట మూడు ప్రశ్నలు అడగాలనుకుంటున్నాను. ఆ మనిషికి సామి దగ్గర నిజంగా దొరికిందేమిటి? అనుమానం వచ్చిన మొదటి రోజున ఆ మనిషి ఎవరితో చెప్పుకోగలడు? సామిని పెద్దమనిషిని చేసిన చదువుకున్నవాళ్లు కథలో ఎక్కడున్నారు? ఈ మూడింటికీ జవాబున్న కథలో నవ్వు కూడా ఉండవచ్చు. ఆ నవ్వు చదివేవాణ్ణి కూడా వదిలిపెట్టదు.

కుర్రవాడు కథ తిరగరాస్తానన్నాడు. వడ్డీ వ్యాపారి భార్యకు ఒక పేరు పెడతాడట, కథ ఆమె చెబుతుందట. వచ్చే నెల సమావేశానికి నా పాత ముందుమాట కూడా తీసుకువెళ్లి, అందరిముందూ చదువుదామనుకుంటున్నాను. ఆ నేతగాడి భార్య ఒప్పుకుంటే ఆమెనూ పిలవాలని ఉంది. ఆమెకు చదువు వచ్చు, మాట వచ్చు. ఇన్నేళ్లూ ఆమెను అడిగినవాళ్లే లేరు.