నడుమున వేలాడే బాకు: స్టూడియో ఫొటో ఒక మాట, ఆల్బం ఫొటో ఒక మాట

1935లో హిట్లర్ సైన్యం తన ఆఫీసర్లకు ఒక బాకును ప్రవేశపెట్టింది. యుద్ధానికి పనికొచ్చే ఆయుధం కాదది, యూనిఫాం మీద నగ. ఎవరి బాకు వాళ్ళే డబ్బు పెట్టి కొనుక్కునేవారు. జోలింగెన్ పట్టణంలోని కత్తుల కంపెనీలకు అది మంచి బేరం. ఆ బాకులు ఇప్పటికీ వేలంపాటల్లో దొరుకుతాయి. కానీ ఎలా ధరించేవారో తెలుసుకోవడానికి బాకు ఒక్కటే చాలదు. పిడికి చుట్టిన జరీతాడును చేతులు మారినప్పుడల్లా ఎవరో ఒకరు విప్పి, తోచినట్టు కట్టి ఉండవచ్చు. కాబట్టి ఆనాటి ఫొటోలనే అడగాలి. అవేమో రెండు రకాలుగా జవాబిస్తాయి.

స్టూడియో ఫొటోలో పెద్ద నెగెటివ్, మంచి లైటు, కదలని మనిషి. తాడు పిడి చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందీ, కుచ్చు ఎటు వాలిందీ భూతద్దం పెట్టి లెక్కపెట్టుకోవచ్చు. ఎడమ జేబు మూత కింది నుంచి దిగే రెండు పట్టీలూ, వాటి బకిల్సూ స్పష్టంగా కనిపిస్తాయి. చిక్కల్లా ఆ స్పష్టతతోనే. కెమెరా ముందుకు రాకముందే అన్నీ సర్దేశారు. అది నిబంధనల పుస్తకానికి వేసిన బొమ్మ లాంటిది: అలా ధరించాలని చెబుతుంది, అలాగే ధరించారని చెప్పదు.

ఇంటి ఆల్బం ఫొటో సంగతి వేరు. 1932లో ఆగ్ఫా కంపెనీ 4 మార్కులకే బాక్స్ కెమెరా అమ్మింది. దాంతో మామూలు ఇళ్ళలోనూ ఫొటోలు తీయడం పెరిగింది. పెళ్ళి విందులో కుర్చీలో కూర్చున్న ఆఫీసరు ఒర ఎటు తోసుకున్నాడు? మెట్లు దిగేటప్పుడు చేత్తో పట్టుకున్నాడా, వదిలేశాడా? ఇలాంటి ప్రశ్నలకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. ముడి మాత్రం తరచూ మసక. ఇంకో మాట: ఈ నవ్వు ముఖాల సైన్యమే 1939లో పోలాండ్ మీద పడింది. బాకుల మోజులో కొందరు సేకర్తలు ఆ సంగతి పక్కన పెట్టేస్తారు.

రెండు రకాలకూ ఉమ్మడి లోపం రంగు. ఆ రోజుల్లో వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము ఎరుపును గుర్తించదు, నారింజనూ నల్లబరుస్తుంది. కాబట్టి నలుపు తెలుపు ఫొటోలో పిడి ముదురుగా కనిపించినంత మాత్రాన అది నిజంగా ముదురు రంగుదని రాయకూడదు. 1936లో వచ్చిన ఆగ్ఫాకలర్ స్లయిడ్లు దొరికితే అవే నయం.

బాకు కుడివైపు కనిపిస్తే కొత్త పద్ధతి కనిపెట్టామని సంబరపడకూడదు. ముందు కోటు చూడాలి. మగవాళ్ళ కోటులో ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తుంది. జర్మన్ కోటు మీద గద్ద గుర్తు కుడి రొమ్మున ఉంటుంది. రెండూ తారుమారైతే నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేశారన్నమాట.

కాలనిర్ణయంలోనూ జాగ్రత్త కావాలి. జర్మన్ వైమానిక దళానికీ బాకులుండేవి. దాని మొదటి బాకు గొలుసుతో వేలాడేది. 1937లో వచ్చిన రెండో నమూనాకు పట్టీలు. రెండో నమూనా ఉన్న ఫొటో 1937కు ముందుది కాదు, అది ఖాయం. గొలుసు కనిపిస్తే మాత్రం 1937కు ముందుదేనని తేల్చలేం. కొత్తది వచ్చినంత మాత్రాన పాతది మాయం కాలేదు.

నా తీర్పు ఇది. ముడి, బకిల్, పట్టీ అల్లిక వంటి వాటికి స్టూడియో ఫొటోనే నమ్ముతాను. ధరించిన తీరు మీద రెండూ తగువు పడితే ఆల్బం పక్షం వహిస్తాను. అమ్మేవాళ్ళు ఆల్బం చింపి ఫొటోలు విడివిడిగా అమ్ముతుంటారు. అలాంటివి కొనకండి. ఏ ఊరు, ఏ ఏడు, ఎవరి పెళ్ళి అన్నది తరచుగా రాసి ఉండేది ఆ పేజీ మీదే.