బిర్యానీ చాటున ఖట్టీ దాల్

ముస్లింలు ఏం తింటారు? ఈ ప్రశ్నకి తెలుగు సమాజం దగ్గర రెండే జవాబులున్నాయి. ఒకటి బిర్యానీ, రెండోది పెద్దకూర. మొదటిది చెప్పేటప్పుడు నోట్లో నీళ్లూరతాయి. రెండోది చెప్పేటప్పుడు మొహం చిట్లుతుంది. ఈ లొట్టలకీ ఆ అసహ్యానికీ నడుమ, ఏడాదిలో 360 రోజులు మా ఇళ్లల్లో పొయ్యి మీద ఉడికేదేమిటో అడిగినవాళ్లు తక్కువ. మేం చెప్పింది కూడా తక్కువే.

అస్తిత్వం గురించి ఇన్నేళ్లుగా మాట్లాడుకుంటున్నాం. పేరు గురించి, భాష గురించి, బురఖా గురించి, అనుమానపు చూపుల గురించి రాశాం. 1998లో ‘జల్‌జలా’ వచ్చింది, 2004లో ‘వతన్’ వచ్చింది. ముస్లిం కవి, ముస్లిం కథకుడు తెలుగులో తమకో చోటు కొట్లాడి తెచ్చుకున్నారు. ఆ సాహిత్యంలో వంటిల్లు లేదని కాదు. ఉంది. కానీ విమర్శ దాన్ని ‘ముస్లిం జీవన నేపథ్యం’ అనే ఒక్క మాటతో దాటేసింది. నేపథ్యం అంటే వెనకాల వేలాడే తెర. వంట తెర కాదు. రోజుకి రెండుపూటలా మనిషి తానెవరో మాట అవసరం లేకుండా చెప్పుకునే చోటు.

ముందు మెచ్చుకోలు సంగతి చూద్దాం. 2010లో హైదరాబాదీ హలీమ్‌కి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2019లో హైదరాబాద్‌ని యునెస్కో తన సృజనాత్మక నగరాల జాబితాలో పాకకళ విభాగం కింద చేర్చుకుంది. మంచిదే. కానీ హలీమ్ రంజాన్ నెల వంటకం. బిర్యానీ పెళ్లికీ దావత్‌కీ వండేది. ఒక సమూహాన్ని దాని పండుగ వంటకాలతో మాత్రమే గుర్తుపెట్టుకుంటే, మిగతా రోజుల్లో వాళ్లెట్లా బతుకుతున్నారో పట్టించుకోనక్కర్లేదు. మా సెక్యులర్ మిత్రులు ఈద్ నాడు వచ్చి షీర్ ఖుర్మా తాగి, అలాయ్ బలాయ్ తీసుకుని పోతారు. వాళ్ల ప్రేమని శంకించడం లేదు. ఓ మంగళవారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వచ్చి, మా ఇంట్లో ఉన్నదేదో కలుపుకుని తిని పోయిన మిత్రులు ఎందరు? లెక్కపెట్టి చూడండి.

ఆ మంగళవారం మధ్యాహ్నం, తెలంగాణలోని చాలా ముస్లిం ఇళ్లల్లో ఉండేది ఖట్టీ దాల్. కందిపప్పు మెత్తగా ఉడికించి, ఎనిపి, చింతపండు పులుసు పోసి, పసుపు, కారం, కొత్తిమీర, కరివేపాకు వేసి మరగనిస్తారు. చివర్లో జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చితో బగార్ పెడతారు. గోడ అవతలి ఇంట్లో పప్పుచారుకీ దీనికీ ఉన్న తేడా ఎంత? రెండు చేతుల మధ్య ఉండేంత తేడా. పేరు మారేసరికి మాత్రం అది ‘వాళ్ల వంట’ అయిపోతుంది.

ఇంకా ముందుకి పోదాం. చైత్ర వైశాఖాల్లో చింతచిగురు వస్తుంది. దాన్ని మటన్‌తో కలిపి వండితే చిగుర్ గోష్ట్. ఆ పేరు చూడండి. గోష్ట్ ఫార్సీ, చిగుర్ తెలుగు. చింతచెట్టు మీది లేత ఆకుకి మా దఖ్నీ వేరే మాట వెతుక్కోలేదు, ఎవరి చెట్టు కింద నిలబడి కోసిందో వాళ్ల మాటనే తెచ్చుకుంది. అట్లాగే మాటలు ఇటు నుంచి అటూ పోయాయి. ఇవాళ తెలంగాణ పల్లెల్లో ఏ కులం దావత్ అయినా బగారన్నం ఉండాల్సిందే. ఆ బగారా మా తాలింపు మాటే. సద్దుల బతుకమ్మ నాడు ఆడబిడ్డలు పంచుకునే మలీద ముద్దలూ, పీర్ల పండుగకి ఫాతెహా ఇచ్చి పంచే మలీదా ఒకే మాట, ఒకే రొట్టె, ఒకే బెల్లం. పీరు ముందు చేతులు చాచిన పిల్లలూ, బతుకమ్మ చుట్టూ తిరిగిన పిల్లలూ చాలా ఊళ్లల్లో ఒక్కరే.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మన లౌకికవాదులకి ఈ ఉదాహరణలు బాగా నచ్చుతాయి. ‘చూశారా, ముస్లింలూ మనలాంటివాళ్లే’ అంటారు. మంచి ఉద్దేశమే. కానీ ఆ వాక్యంలో ‘మన’ ఎవరో, ‘లాంటివాళ్లు’ ఎవరో ఎవరు తేల్చారు? చింతపండు మా పౌరసత్వ పత్రం కాదు. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక కాగితాల కోసం ట్రంకుపెట్టెలు వెతుక్కున్న కుటుంబాలకి, కంచం కూడా ఓ కాగితంలా చూపించాల్సి వస్తే అంతకంటే అవమానం ఉండదు. మా కూరలో పులుపు లేకపోయినా, మా రొట్టె మీ రొట్టెలా లేకపోయినా మేం ఈ నేల మనుషులమే. పోలిక ఉన్నందుకు కాదు, ఉన్నాం కాబట్టి.

పోలికలు పక్కనపెట్టి వంటనే చదువుదాం. దాల్చా తీసుకోండి. శనగపప్పు, సొరకాయ, ఎముకలతో ఉన్న కొంచెం మాంసం, చింతపండు. పేరున్న హోటళ్లలో ఇప్పుడిది బగారా పక్కన గిన్నెలో వస్తోంది. కానీ దాని పుట్టుకలో ఉన్నది లెక్క. తెచ్చింది పావుకిలో మాంసం, తినేవాళ్లు ఎనిమిది మంది. విడిగా వండితే తలా ఓ ముక్క కూడా రాదు. పప్పులో ఉడికిస్తే ఎముకలోని సారమంతా పప్పులోకి దిగుతుంది, సొరకాయ గిన్నె నింపుతుంది, పులుపు అన్నం ఎక్కువ తినిపిస్తుంది. ముక్క ఎవరికి పడినా రుచి అందరికీ పడుతుంది. టమాటే కా కట్ కూడా ఇట్లాంటిదే. వేయించిన శనగపిండితో టమాట పులుసు చిక్కబరిచి, ఉడికించిన గుడ్లు సగానికి కోసి వేస్తారు. గుడ్డు సగమే ఎందుకు? అందానికని ఇవాళ అనుకోవచ్చు. ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టుకున్న ఆడమనిషికి ఎందుకో తెలుసు.

చక్నా ఇంకో మెట్టు కిందికి దిగిన వంట. పేగులూ బోటీ కడిగి, కడిగి, మళ్లీ కడిగి, పులుసులో ఉడికించి, జొన్నపిండితో చిక్కబరుస్తారు. ఇది నవాబుల దస్తర్‌ఖాన్ మీది వంట కాదు. కసాయి కొట్టు దగ్గర చివర్లో మిగిలినదాన్ని రుచిగా మార్చుకున్న చేతులది. ఆ చేతులు ముస్లింలవే కాదు. ఒట్టితునకలు దండెం మీద ఆరేసుకున్న వాడలు మావీ ఉన్నాయి, మాదిగలవీ ఉన్నాయి. పెద్దకూర మాకు మతాజ్ఞ కాదు. మటన్ కొనలేని ఇంటికి అందిన మాంసం. 1977 నాటి రాష్ట్ర చట్టం ఆవుని కోయడాన్ని నిషేధించింది. ఆ చట్టానికి లోబడి దొరికే మాంసాన్ని కూడా ఇవాళ దాచుకుని తెచ్చుకుంటున్నాం. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో దళిత బహుజన విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే ఘర్షణలు జరిగాయి. 2015 సెప్టెంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ దగ్గర, ఇంట్లో ఆవు మాంసం ఉందన్న పుకారు మీద మహమ్మద్ అఖ్లాక్‌ని కొట్టి చంపారు. 2024 జులైలో అదే రాష్ట్రంలో కాంవడ్ యాత్ర దారిలోని తిండి దుకాణాల ముందు యజమానుల పేర్లు రాసిపెట్టమన్నారు. సుప్రీంకోర్టు ఆపింది గానీ, వండిన చెయ్యి ఎవరిదో తెలిశాకే తినాలన్న ఆలోచనని ఏ కోర్టు ఆపుతుంది?

దాద్రీ దూరమే. కానీ అద్దె ఇంటికోసం తిరిగే ముస్లింకి అది దూరం కాదు. ‘వెజిటేరియన్లకు మాత్రమే’ అన్న బోర్డుకి రెండో అర్థం ఏమిటో అందరికీ తెలుసు. ఇల్లు దొరికాక కూడా మాంసం వేయించేటప్పుడు కిటికీ మూసే ఆడవాళ్లున్నారు. తన వంట వాసనకి తానే భయపడటం కంటే పెద్ద పరాయితనం ఏముంటుంది? దీన్ని కవిత్వం కొంత పట్టుకుంది. విమర్శ ఇంకా పట్టుకోలేదు.

తెలుగు అచ్చులో మా వంటకి జరిగిన ఇంకో సంగతి ఉంది. కథలో ‘సాలన్’ అని రాస్తే పక్కన బ్రాకెట్ పెట్టి ‘కూర’ అని రాయాలి. ‘ఖీమా’ పక్కన ఓ బ్రాకెట్, ‘నాష్తా’ పక్కన ఇంకోటి. సాంబారుకి బ్రాకెట్ లేదు, పులిహోరకి లేదు, పాయసానికి లేదు. అవన్నీ పాఠకుడికి పుట్టుకతోనే తెలుసన్న నమ్మకం. నాలుగు వందల ఏళ్లకి పైగా పక్కపక్కన వండుకుంటున్నా సాలన్ ఇంకా అర్థం చెప్పుకోవాల్సిన మాటే. ఆ బ్రాకెట్లు పాఠకుడి సౌకర్యం కోసమే కావచ్చు. మరి ఆ పాఠకుడు ఎవరు? ముస్లిం పాఠకుడు ఉంటాడని, తన ఇంటి కూర పక్కన తనకే అర్థం చెబుతుంటే చదువుకుంటాడని ఏ సంపాదకుడైనా ఊహించాడా?

అయితే అందరి ఇళ్లల్లో సాలనూ లేదు. కోస్తాలో, రాయలసీమలో దూదేకుల ఇళ్లల్లో తెలుగే మాట్లాడతారు. అక్కడ కూర కూరే. కడప, కర్నూలు వైపు ముస్లిం ఇంట్లో రాగి సంగటి ఉంటుంది. హైదరాబాద్‌లో పొద్దున్నే ఖిచిడీ, ఖట్టా, ఖీమా, అప్పడం పెట్టుకుంటే, సీమలో ఉగ్గాని బజ్జీ తింటారు. ‘ముస్లిం వంట’ అని ఒకే గిన్నె ఎక్కడా లేదు. పాతబస్తీ వంటనే ముస్లిం వంటగా చలామణీ చేస్తే, దఖ్నీ రాని దూదేకుల ముస్లింని మనమే మళ్లీ వాకిట్లో నిలబెట్టినట్టు.

ఇక్కడే మావాళ్లనీ అడగాలి. వంట ప్రస్తావన వస్తే మనం నిజాం దర్బారుకి పరిగెత్తుతాం. ఏ నవాబు ఇంట్లో ఎన్ని రకాల కబాబులుండేవో చెప్పుకుని మురిసిపోతాం. మనలో ఎందరి తాతలు ఆ దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చున్నారు? ఎక్కువమంది దూది ఏకినవాళ్లు, మగ్గం నేసినవాళ్లు, జట్కా తోలినవాళ్లు. ఆ దర్బారు గిన్నెలు తోమినవాళ్లూ ఉండొచ్చు. ఇప్పుడేమో మండీ వచ్చింది. హైదరాబాద్ బార్కస్‌లో హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల సంతతి ఉంది. వాళ్లకి అది ఇంటి వంట, వాళ్ల హక్కు. కానీ జిల్లా కేంద్రాల్లో కూడా మండీ బోర్డు వెలిసి, పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తినడమే అసలైన ముస్లిం భోజనం అన్నట్టు మన కుర్రాళ్లు ఫొటోలు తీసుకుంటుంటే ఆలోచించాలి. రుచి మీద తగాదా లేదు. ఎవరికి నచ్చింది వాళ్లు తింటారు. కానీ నిన్న నవాబు కావాలనుకున్నాం, ఇవాళ షేక్ కావాలనుకుంటున్నాం. దాల్చా వండిన అమ్మీ బిడ్డలం కావాలని ఎప్పుడనుకుంటాం?

అమ్మీ చేతి వంట మీద కవితలు లేవా అంటారు. ఉన్నాయి. చాలావరకు కొడుకులు రాసినవి. ఆ కవితల్లో రుచి ఉంటుంది, పొగ తక్కువ. రంజాన్‌లో సహరీకి అందరికంటే ముందు లేచేది ఆమె, అందరికీ వడ్డించాక అజాన్ లోపల నాలుగు ముద్దలు గబగబా మింగేది ఆమె. రోజంతా ఉపవాసంతోనే ఉప్పు చూడకుండా ఇఫ్తార్ వండేదీ ఆమే. బక్రీద్ మాంసం మూడు వాటాలు చెయ్యాలని మౌల్వీ చెబుతాడు. కడిగి, కోసి, బంధువులకీ పేదలకీ పొట్లాలు కట్టేది ఆమె. మనం వంటని అస్తిత్వం అంటున్నప్పుడు, ఆ అస్తిత్వం ఎవరి నడుం నొప్పి మీద నిలబడిందో కూడా రాయకపోతే అది సగం మాటే.

ఆ సగం ఇప్పుడు ఆమే పూరిస్తోంది. ఫోన్ పొయ్యి పక్కన నిలబెట్టుకుని, దఖ్నీలో మాట్లాడుతూ ఖట్టీ దాల్, తలాహువా గోష్ట్, అంబాడే కీ భాజీ వండి యూట్యూబ్‌లో చూపిస్తున్న ఇల్లాళ్లున్నారు. అంబాడా అంటే గోంగూరని చెప్పకపోయినా ఆకు చూసి గుర్తుపడుతున్నారు జనం. కొందరి మొహాలు కనపడవు, చేతులే కనిపిస్తాయి. వాళ్లని విమర్శకులెవరూ రచయిత్రులు అనరు. కానీ మన సాహిత్యం పాతికేళ్లుగా పండుగ నాడే తలుచుకున్న వంటింటిని, మామూలు రోజున తలుపు తీసి చూపించింది వాళ్లే. కుక్కర్ ఈలలు, మిక్సీలో నూరిన అల్లం వెల్లుల్లి, మటన్ ధర చూసి దాల్చాలో వేసిన చికెన్ మెడముక్కలు, రేషన్ బియ్యంతో వండిన ఖిచిడీ ఇప్పటి మా చరిత్ర. ఇది ఏ మ్యూజియంలోనూ ఉండదు.

ముస్లిం రచయితలకి చెప్పేదొక్కటే. సాలన్ పక్కన బ్రాకెట్ తీసేయండి. దాల్చాలో ఎముక ఎవరికి పడిందో, ఎవరికి పడలేదో రాయండి. సెక్యులర్ మిత్రులకి చెప్పేదీ చిన్నదే. ఈద్‌కి ఎట్లాగూ వస్తారు. ఈసారి మామూలు రోజున రండి. బిర్యానీ ఉండదు. పప్పు ఉంటుంది, పులుపు ఉంటుంది, అప్పడం ఉంటే ఉంటుంది. కిటికీ తెరిచే ఉంచుతాం.