ఎకరాలు, రివెట్లు

ఈ వారం మడకశిర టీకొట్టులో మళ్లీ అదే పంచాయితీ. విమానాల ఫ్యాక్టరీ వస్తే ఎకరా ఎంత పలుకుతుంది? లేపాక్షి–మడకశిర దగ్గర 10,000 ఎకరాలిస్తాం, యుద్ధవిమానాలు ఇక్కడ కట్టండని మన రాష్ట్రం కేంద్రాన్ని అడిగినట్టు 2025 మేలో వార్తలొచ్చాయి. బెంగళూరు భగ్గుమంది. అక్కడి విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్‌ను తరలించమని మేమనలేదని ఇటునుంచి సర్దిచెప్పారు. అప్పట్నుంచీ ఇక్కడ విమానమంటే ఎకరాలే. రెక్క ఎట్లా కడతారని అడిగినోడు ఒక్కడూ లేడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

రెక్క రేకులను కలిపి బిగించే రివెట్లంటే నాకు పిచ్చి. మా చిన్నాయన అంటించిన జబ్బది. బెంగళూరులో విమానాలకు రేకు పని చేసి రిటైరై, ఊరికొచ్చి శెనక్కాయ చేను చూసుకునేవాడు. గట్టుమీద కూచుంటే చాలు, రివెట్ల పురాణం మొదలు. ఇవతల ఒకడు రివెట్ గన్ పడతాడు, రేకు వెనక ఇంకొకడు డాలీ ఆనిస్తాడు. డాలీ అంటే చేతిలో ఇమిడే ఇనుప దిమ్మ. గన్ దెబ్బకు రివెట్ తోక దిమ్మకు తగిలి అణిగి బొడిపె కడుతుంది. దాని వెడల్పు రివెట్ లావుకు ఒకటిన్నర రెట్లు, ఎత్తు ఆ లావులో సగం రావాలి. డాలీ కాస్త వాలిందా, బొడిపె పక్కకు ఒరుగుతుంది. డ్రిల్లుతో తీసి మళ్లీ వేయాల్సిందే. కొన్ని రివెట్లను కాల్చి, నీళ్లలో ముంచి, ఐసుపెట్టెలో దాస్తారు. బయట పెడితే గట్టిపడిపోతాయి. రెక్క లోపల చేయి దూర్చినోడికి గన్ పట్టినోడి ముఖం కనపడదు. రేకు మీద తట్టే చప్పుడే మాట. "వాడెవడో తెలీకపోయినా వాని చేయి తెలుస్తుందిరా" అనేవాడు.

కాబట్టి ముందు పనివాళ్లు, తర్వాతే భూమి అనాలనిపిస్తుంది. చరిత్ర మాత్రం టీకొట్టు పక్షానే ఉంది. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (ఇప్పటి హెచ్‌ఏఎల్) మొదలుపెట్టినప్పుడు విమానాలు కట్టే చేతులు బెంగళూరులో ఎక్కడివి? మైసూరు సంస్థానం ముందు భూమీ, డబ్బూ ఇచ్చింది. 1941 ఆగస్టుకల్లా అమెరికా నుంచి వచ్చిన భాగాలు బిగించి హార్లో ట్రైనర్‌ను ఎగరేశారు. 1951లో ఇంజనీరు ఘాటగే రూపొందించిన హెచ్‌టీ-2 ట్రైనర్ లేచింది. 1961లో మారుత్, 2001లో తేజస్ యుద్ధవిమానాలు ఎగిరాయి. ఆ తేజస్ వెనక మన తెలుగాయన కోట హరినారాయణ. పనిమంతులను ఆ నేలే తయారుచేసుకుంది.

సరే, ఎకరాలే ముందు కానివ్వండి. అయితే బెంగళూరులో అప్పుడు ఎవరికీ ఆ పని రాదు కాబట్టి అందరూ అక్కడే నేర్చుకున్నారు. ఇప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర పని వచ్చినోడినే పిలుస్తారు. కర్ణాటకలో గుబ్బి దగ్గర హెచ్‌ఏఎల్ హెలికాప్టర్ ఫ్యాక్టరీ 2023లోనే తెరిచారు, మనకు బస్సు దూరం. ఎకరా రేటు అడిగే అన్నలారా, ఇంట్లో పది పాసైన పిల్లలుంటే ఈ ఏడే ఐటీఐలో ఫిట్టరుకో, షీట్‌మెటల్‌కో దరఖాస్తు పెట్టించండి. ఆడపిల్లలతో కూడా.