ఛాందసశబ్దార్థము - రంగనాథరామాయణము

ఛందస్సనఁగా వేదము, దాని నధ్యయనము చేసినవాఁడు ఛాందసుఁడు. ఇట్టి పూజ్యపదము తెలుఁగున లోకజ్ఞత లేనివానిపై వేయు నిందగా మాఱినది. విద్వాంసులను గవులను సత్కరించి ‘విద్వద్గద్వాల’ యనిపించుకొన్న సంస్థానమున సంభావన లందుకొన్న వేదవిదులు మొదటి యర్థమున ఛాందసులే. నేఁటి బడిపిల్లలకు రెండవ యర్థమే తెలియును.

పాతదానిని విడువకుండుటయే సనాతనత్వమను భ్రాంతి యీ యర్థభ్రంశమునకు మూలము. ‘ఆర్థడాక్సీ’ యను గ్రీకుమూలపదమునకు సరియైన యభిప్రాయమని యర్థము. మన శాస్త్రములందు నిర్ణాయకము ప్రమాణమే కాని యభిప్రాయము గాదు. మనువు వేదనిందకునే నాస్తికుఁడనెను. జగత్కర్తయగు నీశ్వరు నంగీకరింపని మీమాంసకులు నాస్తికులు గాకపోఁగా వేదరక్షకులని ప్రసిద్ధులైరి. నిరీశ్వరసాంఖ్యము సైత మాస్తికదర్శనమే. వేదమును బ్రమాణముగాఁ గొన్న పిమ్మట నెంత భేదించినను వెలి లేదు.

కావ్యవిమర్శయందు నీ వివేక మావశ్యకము. నాగరుకర్నూలు జిల్లాలోని నందివడ్డెమానే గోనవారి రాజధానియగు వర్ధమానపురము; వారి యేలుబడి వనపర్తి ప్రాంతమునకును వ్యాపించినది. ఆ వంశజుఁడగు బుద్ధారెడ్డి 13వ శతాబ్దమున రచించినట్లు ప్రసిద్ధమైన రంగనాథరామాయణమునకు పండితు లెన్నిన దోషములు రెండు: ద్విపదయగుట, అవాల్మీకములు గలిగియుండుట. మొదటిది దోషమే కాదు. దేశిచ్ఛందస్సు గానమున కనుకూలమని పాల్కురికి సోమనాథుఁడే చూపెను.

రెండవది విచార్యము. కవి వాల్మీకి కథాక్రమమును విడువలేదు. ఇంద్రజిత్తు మరణమున వాల్మీకి తండ్రి శోకమును వర్ణింపఁగా, నితఁడు సులోచనను బ్రవేశపెట్టి భార్య దుఃఖమును జూపెను. వానరుల బలమునకు నిదర్శనమైన సేతుబంధమున నుడుత యిసుక రాల్చుటచే భక్తికిఁ గొలఁత యేర్పడెను. ఇవి మూలమున కనుబంధములేకాని విరోధములు గావు. జంబుకుమారుని కథ యట్టిది గాదు. పుత్రశోకముతో వచ్చిన శూర్పణఖ వెంటనే కామమోహిత యగుట యతుకదు. వాల్మీకియందు కామమొక్కటే చాలినది. ఇచ్చట నాక్షేపించువాఁడు ఛాందసుఁడు గాఁడు, రసజ్ఞుఁడే. ఉడుతనుగూడ నదే వాక్యముతోఁ ద్రోసివేయువాఁడు మాత్రము ప్రమాణమును జదువక దాని పేరు చెప్పువాఁడు.

తోలుబొమ్మలాటవారు తరతరములుగా నీ ద్విపదనే పాఠముగాఁ గొని యాడిరి. వారి తెరముందుఁ గూర్చున్నవారికి ఉడుత లేని సేతువే యసంపూర్ణము.