పసరును పాఠమును

ప్రాచీన వైద్యగ్రంథములందు సర్వమును గలదనువారును, ఏమియు లేదనువారును వానిని చదువనివారే. క్రీ. శ. 4వ శతాబ్దమున చీనా వైద్యుఁడు గె హుంగ్ చలిజ్వరమునకు ఛింగ్‌హావ్ మొక్కను నీట నానవైచి, పిండిన రసమును త్రాగుమనెను, కాచుమనలేదు. ఆ భేదమును తు యూయూ గమనించెను. వేఁడిమికి గుణము చెడునేమోయని యెంచి, 1971లో అల్పోష్ణమున ఈథరుతో సారము తీసెను. 1972లో మలేరియా నణఁచు ఆర్టిమిసినిన్ వేఱుపడెను. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము లభించెను. గ్రంథము సూచన నొసఁగినది; నిరూపించినది పరీక్ష. ఛింగ్‌హావ్ పేర రెండు మొక్కలుండఁగా, మందు ఒకదానియందే గలదని తేలెను. మనయందును బ్రాహ్మి యనఁగా కొందఱు సరస్వతియాకును, కొందఱు నీరుబ్రాహ్మిని గ్రహింతురు. సంస్కృతాంధ్రమిశ్రమైన బసవరాజీయమును చదివి, ఏ పేరు ఏ మొక్కదో తేల్చుటకు తెలుఁగు నెఱిఁగినవారు కావలెను. వారు లేనిచో ప్రయోగశాలలో పరీక్షింపఁబడునది వేఱొక మొక్క కావచ్చును.